నాయిన పేరిట తేనె వ్యాపారం: గ్యారంటీ చిట్కాలు

పోయినవాళ్ల పేరు మీద చలివేంద్రం పెట్టడం పాతబడింది. గుడి మెట్టు మీద పేరు చెక్కిస్తే భక్తులు తొక్కుకుంటూ పోతారు. బడికి బీరువా ఇస్తే, పేరు రాయించిన వైపే గోడకు ఆనిస్తారు. ఇవన్నీ ఆలోచించి ఆలోచించి మీకు తేనెటీగలు తట్టాయి. నాయిన పేరు మీద నాలుగు పెట్టెలు, ఆయన ఫొటో ఉన్న సీసా, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ప్రతి కిరాణా కొట్లో ఆయన చిరునవ్వు. నాయిన బతికినన్నాళ్లూ పరగడుపున గోరువెచ్చని నీళ్లలో చెంచాడు తేనె కలుపుకొని తాగాడు తప్ప ఆయనకూ ఈగలకూ ఏ సంబంధమూ లేదు. ఫర్వాలేదు. సంబంధం లేకపోతేనే సెంటిమెంటు స్వచ్ఛంగా ఉంటుంది.

ఈ పనిలో సలహా చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. అందరూ ముందు నేర్చుకోమంటారు. నేను అనను. నాకు మీ దుఃఖం మీద గౌరవం ఉంది.

ముందు ముహూర్తం. పెట్టెలు తిథి రోజే దించాలి, అందులో రాజీ వద్దు. నాయిన ఆషాఢంలో పోయాడా, ఏడాది మాసికం రోజే ప్రారంభోత్సవం. బంధువులు ఎలాగూ భోజనాలకొస్తారు, షామియానా కిరాయి కలిసొస్తుంది. ఆ రోజుల్లో మన దగ్గర ముసురు. కంది ఇంకా మోకాలెత్తు లేవదు, పత్తి గూడ కూడా కట్టదు. ఈగలకు బయట మేత ఉండదు. కంది పూతకు రావాలంటే దసరా దాటాలి. ఆ తర్వాత యాసంగిలో కుసుమ, పొద్దుతిరుగుడు. సంక్రాంతి వెనకాల మామిడి, ఉగాదికి వేప, ఎండలు ముదిరాక కానుగ. ఈ వరస తెలిసినవాడు దసరా దీపావళుల మధ్య పెట్టెలు కొంటాడు. అక్కణ్నుంచి వేసవి దాకా ఒక పూత ముగిసేసరికి ఇంకోటి అందుకుంటుంది. మీరు క్యాలెండర్‌లో తిథి చూడండి చాలు, పూత చూడక్కర్లేదు. దేశవాళీ ఈగలైతే ఆకలికి పెట్టె ఖాళీ చేసి లేచిపోతాయి. ఇటాలియన్ ఈగలైతే అక్కడే మాడి చస్తాయి. మొదటి రకం కొన్నారా, “నాయినను వెతుక్కుంటూ పోయినయి” అని మేనత్తకు చెప్పొచ్చు. ఆమె ఏడుస్తుంది కూడా.

అసలు కొనడం దేనికి? ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు అడుగున, అపార్ట్‌మెంటు సజ్జ కింద చాటంత పట్టు వేలాడుతూ ఉంటుంది. ఉచితం. అది పెద్ద తేనెటీగ. ఆరుబయట ఒకే ఒక్క పట్టు కడుతుంది, చీకటి పెట్టెలో ఇమడదు, కాలాన్ని బట్టి వలస పోతుంది. తేనె కోసం మనిషి పెట్టెలో పెంచుకునేవి ముఖ్యంగా రెండు. ఒకటి మన దేశవాళీ. ఇంకోటి 1962లో ప్రొఫెసర్ అట్వాల్ నగ్రోటాలో నిలబెట్టి చూపించిన ఇటాలియన్ జాతి. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో దేశవాళీ పెట్టెల్ని వరసబెట్టి ఖాళీ చేసింది కాబట్టి, ఏ జాతి కొనాలన్నది పెంపకందార్లు రోగాలతో సహా లెక్కేసుకొని తేల్చుకుంటారు. మీకు అంత ఓపిక లేదు. రాత్రిపూట దుప్పటి కప్పుకొని నిచ్చెన ఎక్కండి. 108కి ముందుగానే చెప్పి పెడితే వాళ్లకు దారి వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

స్థలం దగ్గర మాత్రం నేను కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాపారం ఇక్కడే మునుగుతుంది.

నాయిన ఎక్కడ షిఫ్టులు చేశాడో స్మారకం అక్కడే ఉండాలి. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం, ఏ పారిశ్రామికవాడైనా మంచిదే, ప్రహరీ గోడ వారన 200 గజాలు చాలు. తేనెటీగ మేతకు రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. చుట్టూ మూడేసి కిలోమీటర్లు కొలిస్తే 28 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో దాదాపు 7,000. మీ 200 గజాల్లో తులసి, బంతి, మందారం నాటి, “మా తేనె మా పెరటి పూలదే” అని రాయించండి. మిగతా ఏడు వేల ఎకరాల సంగతి ఈగలకు వదిలేయండి. ఐరోపాలో ఆర్గానిక్ తేనె అనాలంటే ఆ మూడు కిలోమీటర్ల మేతనూ చూస్తారు. మనం సీసా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేస్తాం.

నీళ్లు. ఎండాకాలం ఈగలు నీళ్లు మోసుకొచ్చి, గదుల అంచున పల్చగా పూసి, రెక్కలతో విసిరి పెట్టెను చల్లబరుస్తాయి. పిల్లగదుల దగ్గర 34, 35 డిగ్రీలు దాటనివ్వవు. అందుకని బుద్ధిమంతులు పెట్టెల పక్కన వెడల్పాటి మట్టి తొట్టి పెట్టి, ఈగలు మునక్కుండా గులకరాళ్లు వేసి, రోజూ మంచినీళ్లు మారుస్తారు. మీకా చాకిరీ వద్దు. నక్కవాగు ఉంది. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చి ఆ వాగు దారి పట్టే నీళ్లు పరీక్షిస్తే, లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే చోటది. రోజుకు 45 కిలోల మందు కొట్టుకుపోతున్నట్టు వాళ్లు లెక్కగట్టారు. గమనించండి, ఇవి శుద్ధి చేశాక వచ్చిన నీళ్లు.

ఇందులో మీకో సౌకర్యం ఉంది. 2010 సెప్టెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 12 బ్రాండ్ల తేనె పరీక్షిస్తే 11 బ్రాండ్లలో యాంటీబయాటిక్స్ కనబడ్డాయి. అదే ఏడాది ఐరోపా మన తేనె దిగుమతి ఆపేసింది. పాపం మిగతా చోట్ల పెంపకందార్లు రోగాలకు భయపడి డబ్బిచ్చి మందు కొని పెట్టెల్లో పోసుకోవాలి. మీకు వాగు వెంట నడిచొస్తే చాలు.

ఆ తేనెను ల్యాబుకు మాత్రం పంపొద్దు. కెనడాలోని వాంకూవర్‌లో ఊరి పెట్టెల్లోని తేనెలో సీసం ఆనవాళ్లు కొలిచి, ఏ పేటలో బండ్లు ఎక్కువో, రేవు ఎటువైపుందో చెప్పగలిగారు. 2019లో అచ్చయిన పరిశోధన అది. మీ సీసా ఎవరి చేతికైనా చిక్కితే పారిశ్రామికవాడ మ్యాపు మొత్తం గీసిస్తారు. నిజానికి కొన్ని పెట్టెలు పెట్టి ఆ పనే చేయించవచ్చు, ఊరికి ఉపకారం కూడా. అయితే ఆ తేనె అమ్మేది కాదు, కొలిచేది. అలాంటి స్మారకానికి గిరాకీ ఉండదు. ఫ్రాన్స్‌లో రిబోవిల్లే అనే ఊళ్లో 2012లో ఈగలు మిఠాయి బిళ్లల వ్యర్థాలున్న చోటికి మరిగి నీలం, ఆకుపచ్చ రంగుల తేనె తెచ్చాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ ఎవరూ అమ్ముకోలేకపోయారు.

జహీరాబాద్ వైపు పోవద్దు. పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు జొన్న, కంది లాంటి పంటలు కలగలిపి వేస్తారు, పురుగుమందుల జోలికి పోరు. ఈగలకు పుట్టిల్లే అనుకోండి. కానీ నాయిన అక్కడ పని చేయలేదు కదా. అదీగాక పెట్టెలు చూడ్డానికి హైదరాబాదు బావ కారులో అంత దూరం రాడు.

నాయినకు సీతాఫలం ఇష్టమని సీతాఫలం తోటలో పెడతానంటే నేను అడ్డుచెప్పను. సీతాఫలం పువ్వుకు పరాగం చేర్చేవి చిన్న చిన్న పెంకుపురుగులు. తేనెటీగకు అక్కడ పనీ లేదు, తిండీ లేదు. సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానం గేటు మీ దారిలోనే ఉన్నా లోపలికెళ్లి అడగొద్దు, చెప్పేస్తారు.

పెట్టెలు కదలకూడదు. కింద సిమెంటు దిమ్మె, దాని మీద నల్ల గ్రానైటు పలక, పలక మీద పేరు, పెట్టెకు నాలుగు మూలలా బోల్టులు. పెట్టెల మీద బతికేవాళ్లను చూస్తే ఇది సగం లారీ వ్యాపారమని తెలుస్తుంది. రాత్రి ఈగలన్నీ ఇంటికి చేరాక గడప మూసి, బండికెత్తి, తెల్లారేసరికి కొత్త పూత దగ్గర దించుతారు. కంది అయిపోతే కుసుమకు, కుసుమ అయిపోతే పొద్దుతిరుగుడుకు. స్మారకం ఊళ్లు తిరగడమేమిటి, అసహ్యంగా! చుట్టుపక్కల పూత అయిపోయాక కూడా నాయిన అక్కడే ఉంటాడు. ఈగలు ఉండవు, అంతే తేడా.

చుట్టుపక్కల రైతులతో పరిచయం పెట్టుకోవద్దు. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది. అక్కడ కందిలో హైబ్రిడ్లు తీశారు. ఐసీపీహెచ్ 2671 అనే రకం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. ఆ హైబ్రిడ్ విత్తనం తయారవ్వాలంటే మగ వరస నుంచి ఆడ వరసకు పుప్పొడి మోసేది తేనెటీగలూ వాటి దాయాదులే. అవే ఈగలు రకం కలగాపులగం చేస్తాయని, శుద్ధ విత్తనం కావాల్సిన చోట మొక్కలకు వలలు కడతారు. ఈ ముచ్చట కంది రైతు దగ్గర కూర్చుని చాయ్ తాగుతూ చెప్పారంటే, మందు కొట్టే రోజు ఆయనే ముందుగా ఫోన్ చేస్తాడు. “రేపు కొడుతున్న, నీ డబ్బాలు మూసుకో” అంటాడు. సాయంత్రం కొట్టమంటే సాయంత్రమే కొడతాడు. అలా చనువు పెరగనివ్వకండి. కంది మీద శనగపచ్చ పురుగుకు మందు పడేది సరిగ్గా పూత, పిందె దశలోనే. పొద్దున్న ఈగలు పూల మీదుండగా కొట్టారనుకోండి, మధ్యాహ్నానికి మీకు గ్రానైటు పలక మీద కనబడుతుంది. వచ్చిన ఈగ వచ్చినట్టే గడప ముందు పడి, వెల్లకిలా గింగిరాలు తిరిగి, నాలుక బయటికి చాచి ఆగిపోతుంది. ఆ చాచిన నాలుకే విషానికి గుర్తు. ఊడ్చి పక్కన పోస్తే పిడికెళ్ల లెక్కన వస్తాయి. వాటిని చూసి దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టండి.

ఇక సందర్శకులు. పెట్టె రోజూ తెరవాలి. వచ్చిన ప్రతివాళ్లకూ రాణి ఈగను చూపించాలి. పైమూత ఎత్తిన ప్రతిసారీ లోపలి వేడి పోతుంది, మళ్లీ సర్దుకోవడానికి ఈగలు బోలెడంత తేనె ఖర్చు పెట్టుకుంటాయి. అది వాటి కష్టం. రాణికి అమ్మ పేరు పెట్టండి, కలకాలం మార్చకండి. ఆమె రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెట్టేది మొదట్లోనే. ఒకటి రెండేళ్లకు జోరు తగ్గుతుంది, పెంపకందార్లు కొత్త రాణిని పెడతారు. అమ్మ పేరున్న రాణిని మార్చి ఇంకొకతెను తేవడానికి చేతులెలా వస్తాయి? గుడ్లు తగ్గి, ఈగలు తగ్గి, మైనపు పురుగు పట్టాక పెట్టె దానంతటదే నిశ్శబ్దమవుతుంది.

నైవేద్యానికి అరటిపళ్లు. మామూలు పళ్లొద్దు, బాగా మగ్గిన గెల తెచ్చి పెట్టె పక్కనే కోయండి. తేనెటీగ కుట్టినప్పుడు సాటి ఈగలను పిలవడానికి వదిలే వాసనలో ప్రధానమైన పదార్థం అరటిపండు వాసనకు అచ్చం సరిపోతుంది. ఒక్క ఈగ కుట్టక ముందే వేలకు వేలు మీ భక్తికి స్పందిస్తాయి. ముదురు రంగు ఊలు కోటు వేసుకొని, అత్తరు పూసుకొని వెళ్తే ఇంకా తొందరగా గుర్తుపడతాయి. పొగడబ్బా అక్కర్లేదు, అగరొత్తులు చాలు.

ఇంగ్లండులో ఇంట్లో ఎవరైనా పోతే ఆ కబురు తేనెటీగలకు చెప్పే ఆచారం ఉంది. 2022 సెప్టెంబరులో రాణి ఎలిజబెత్ పోయినప్పుడు, రాజభవనం పెట్టెల్ని చూసుకునే పెద్దాయన జాన్ చాపుల్ పెట్టెలకు నల్ల రిబ్బన్లు కట్టి, గొంతు తగ్గించి కబురు చెప్పాడు. మనకు గొంతు తగ్గించి చెప్పే అలవాటు లేదు. మైకు పెట్టించండి, వీలైతే డీజే.

తేనె ఎప్పుడు తీయాలి? పెత్రమాసకు బియ్యంతో పాటు సీసా కూడా ఇవ్వాలని మీకుంది కాబట్టి పెత్రమాస ముందు రోజు. ఫ్రేము పైకి తీసి వెలుగులో పెట్టి చూస్తే, పండిన తేనె గదుల మీద పల్చటి తెల్లమైనపు మూత ఉంటుంది. ముప్పాతిక గదులకు మూత పడేదాకా ఆగాలి. ఫ్రేమును అడ్డంగా పట్టుకొని ఒక్కసారి కిందికి విదిలిస్తే చుక్కలు రాలాయంటే అది ఇంకా పచ్చి. తేమ 20 శాతం దాటొద్దని మన ఆహార ప్రమాణాలు చెబుతాయి. పచ్చి తేనె సీసాలో పోసి బంధువుల ఇళ్లకు పంచారనుకోండి, కొన్నాళ్లకు పులుస్తుంది. మూత ఉబ్బి, అంచు నుంచి నురగ పొంగి, లేబుల్ మీద నాయిన నుదుటి మీదుగా కారుతుంది. చీమలు ముందు కళ్లజోడు దగ్గర మొదలుపెడతాయి.

ఈగలకు మేత లేనప్పుడు చక్కెర పాకం పట్టడం తప్పేం కాదు, అందరూ చేసేదే. తెలివైన పని ఏమిటంటే ఏడాది పొడుగునా పాకం పట్టి, అవి దాచిన దాన్నే పిండి “అడవి తేనె” అని అమ్మడం. పట్టుబడతామేమోనన్న భయం వద్దు. 2020 డిసెంబరులో యాంటీబయాటిక్స్ పట్టుకున్న అదే ఢిల్లీ సంస్థ 13 బ్రాండ్లను జర్మనీ ల్యాబులో కల్తీని పట్టే ఎన్ఎంఆర్ పరీక్షకు పంపితే మూడే నిలబడ్డాయి. అన్నన్ని కోట్ల కంపెనీలే పాకం కలుపుకొని హాయిగా ఉన్నాయి. కొనేవాడు ఇంటికెళ్లి చేసేది నీళ్ల గ్లాసులో చుక్క వేయడం, దూదివత్తి ముంచి వెలిగించడం. ఆ రెండింట్లోనూ మంచి పాకం చక్కగా నెగ్గుతుంది. చలికాలం పేరుకుపోయిన అసలు తేనెను చూస్తే మాత్రం “చక్కెర కలిపిండు” అని తిరిగిచ్చేస్తాడు. పేరుకోవడం తేనె గుణమని, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుందని ఆయనకు చెప్పొద్దు. మీరే గిన్నెలో పోసి కుతకుత ఉడికించండి. రంగు నల్లబడితే ఔషధ గుణం పెరిగిందనొచ్చు.

లేబుల్ మీద బ్యాచ్ నంబరు, బరువు, ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు వేయడానికి చోటు వృథా చేయకండి. ఫొటో పెద్దగా వేయండి, దండతో. కింద జననం 1951, మరణం 2024. కిరాణా కొట్లో ఎవరో ఒకరు దాన్ని తయారీ తేదీ, గడువు తేదీ అనుకొని, గడువు దాటిందని పక్కన పెడతారు.

ఒక్క మాట వెటకారం లేకుండా చెప్పాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకండి. ఎంత శుద్ధమైన తేనెలోనైనా బొట్యులిజం తెచ్చే బీజాలు ఉండొచ్చు, ఆ వయసు పేగులకు వాటిని ఆపే శక్తి ఉండదు. తాత పేరున్న తేనె కదా అని పురుటింట్లో చేయి ముందుకొస్తుంది, ఆపండి. ఇక మళ్లీ నా దారిన నేను.

లెక్కలు రాయొద్దు. పెట్టెకెంత పెట్టారు, ఎన్ని ఈగలు మిగిలాయి, ఎన్ని కిలోలు వచ్చాయి, డీజిల్ ఎంత, మీ ఆదివారాలు ఎన్ని పోయాయి అని నోటుబుక్కులో రాసుకోవడం నాయినను అమ్ముకున్నట్టే ఉంటుంది. మొదటి పంటంతా చుట్టాలకు పంచండి. రెండో పంటకు వాళ్లే అడుగుతారు, అదీ ఊరికే. మూడో పంట ఉండదు.

చివరగా, ఎవరి గడప తొక్కకూడదో చెబుతాను. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలోని రూరల్ టెక్నాలజీ పార్కుకు వెళ్లొద్దు, అక్కడ తేనెటీగల పెంపకం నేర్పుతారు. జహీరాబాద్ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లొద్దు. ఖాదీ కమిషన్ 2017లో మొదలుపెట్టిన హనీ మిషన్ గురించి ఆరా తీయొద్దు. ఇప్పటికే పెట్టెలు పెట్టి నిలదొక్కుకున్న వాళ్ల వెంట ఒక్క రాత్రి లారీ మీద అసలే వెళ్లొద్దు. వీళ్లందరి దగ్గరా ఇంచుమించు ఒకటే మాట వినబడుతుంది: రెండు మూడు పెట్టెలతో మొదలుపెట్టండి, ఏడాది పాటు మీ చుట్టూ ఏ నెలలో ఏం పూస్తుందో రాసుకోండి, పెట్టెలు నిలబడ్డాక వాటి మీద ఎవరి పేరైనా రాసుకోండి. అంత ఆగే తీరిక మీకెక్కడిది? మాసికం ముంచుకొస్తోంది, గ్రానైటు పలకకు అడ్వాన్సు ఇచ్చేయండి.